మైదాన్ పక్కన కొండ

నవంబర్ 4, సోమవారం

రామకోటి పుస్తకం చివర కొన్ని పేజీలు గళ్లు లేకుండా ఉన్నాయి. అచ్చువాళ్లు ఎందుకు వదిలారో. వాటిలో రాస్తున్నాను. రామనామం రాసే చేత్తో ఇంటి ముచ్చట్లు రాయడం తప్పయితే స్వామే చూసుకుంటాడు.

కార్తీకం మొదటి సోమవారం. నాకు ఉపవాసం. గంగాధర్‌కు గటక కాచి గిన్నె చేతికిచ్చాను. ముద్ద నోట్లో పెట్టుకోకముందే అడిగాడు.

"అక్కా, మైదాన్‌కు ఎప్పుడు తీస్కపోతవ్?"

"ఈ కార్తీకం పోనీ తమ్మీ."

"నీ దేవునికి నెలలుంటయి. నాకు వారాలే ఉన్నయి," అని నవ్వాడు.

నవంబర్ 5, మంగళవారం

దవాఖాన. నెత్తురు కడిగే మిషన్ మీద నాలుగు గంటలు. మంగళ, గురు, శనివారాలు ఇదే పని. సూది గుచ్చే నర్సుతో అన్నాడు: "మేడం, మేం పిచ్ మీద రోలర్ తిప్పినట్టు మీరు నా నెత్తురు మీద తిప్పుతున్నరు. ఇగ జర నీళ్లు కొడితే మ్యాచ్ ఆడియ్యొచ్చు."

అందరూ నవ్వారు. నేను వరండాలో కూర్చుని సహస్రనామం రెండుసార్లు చదువుకున్నాను.

నవంబర్ 8, శుక్రవారం

వాణ్ణి తెచ్చుకొని ఇవాళ్టికి రెండేండ్లు. షుగర్‌తో ముందు కండ్లు పోయాయి, తర్వాత కిడ్నీలు. మరదలు అంతకు ముందే పోయింది. పిల్లలు లేరు. ముప్పై ఏండ్లు హైదరాబాద్ క్రికెట్ గ్రౌండులో మాలిపని చేసి, ఒక సంచి, ఒక చేతికర్రతో బాన్సువాడ బస్టాండులో దిగాడు. నేను ఎదురుపోయాను.

పొద్దున వినాయకుడికి గరిక కోసుకొచ్చాను. నా చేయి పట్టుకొని వాసన చూశాడు.

"కాలువ గట్టు మీదిది. నిజాంసాగర్ నీళ్లు తాగిన గరిక."

"నీకెట్ల తెలుసు?"

"నువ్వు దేవుని కాళ్లకాడ పెట్టేది, నేను బ్యాట్ పట్టినోని కాళ్లకాడ పెంచేది ఒక్కటే గడ్డి అక్కా. ముప్పై ఏండ్లు దాని మీదనే బత్కిన. నాకు తెల్వదా?"

నవంబర్ 10, ఆదివారం

ఎదురింటి నర్సవ్వ తునికాకు, చాట పట్టుకొని వచ్చింది. ఇద్దరం బీడీలు చుడుతూ కూర్చున్నాము. ఈ వాడలో దవాఖానకనో, పరీక్షలకనో హైదరాబాద్ పోయిన ప్రతివాణ్ణీ గంగాధర్ ఆ గ్రౌండుకు తీసుకుపోయి చూపించేవాడు. నర్సవ్వ కండ్ల ఆపరేషన్‌కు పోయినప్పుడు చూసింది. ఆ ముచ్చట ఇప్పటికి వందసార్లు చెప్పింది.

"గేటు గొలుసు తీసి నన్ను పెండ్లికూతురి లెక్క లోపటికి తోల్కపోయిండు పిల్లా. 'గీడ బాద్‌షా ఫౌజు దిగింది నర్సవ్వా' అన్నడు. 'దిగితే దిగింది గని బిడ్డా, నాకు ఒంటికొస్తుంది, యాడికి పోవాలె' అన్న."

మంచం మీద నుంచి గంగాధర్ అందుకున్నాడు.

"నర్సవ్వా, నువ్వు ఫౌజును ఇడిసి పెట్టినవ్, గదే బాధ. గోలకొండను గెలువనీకి ఢిల్లీ బాద్‌షా వచ్చిండా, ఎనిమిది నెలలు కిల్లా లొంగలే. అన్ని నెలలు ఫౌజు డేరాలు గాడనే. గెలిచినంక గా జాగకు ఫతే మైదాన్ అని పేరు వెట్టిన్రు. ఫతే అంటే గెలుపు. నిజాం జమానాల గుర్రాల మీద పోలో ఆడిన్రు. యాభై అయిదుల మొదటి టెస్టు మ్యాచ్. తర్వాత సర్కారు పేరు మార్చింది. మేం మార్చలే."

మార్చిన పేరు ఏదో నేను అడగలేదు.

"నువ్వు జూడలే గాదూ?" అన్నది నర్సవ్వ నాతో. "వాడంత చూసింది. తోడబుట్టినదానివి నువ్వు జూడలే."

బీడీకి దారం చుట్టాను.

నవంబర్ 15, శుక్రవారం

పౌర్ణమి. మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించాను. వేడి ముఖానికి తగిలి గంగాధర్ ఇటు తిరిగాడు. గ్రౌండులో పెద్ద లైట్లు మొదటిసారి వేసిన మాపున గడ్డి ఒక్కొక్క పోచా లెక్కపెట్టొచ్చన్నట్టు కనిపించిందట. "గప్పుడు నువ్వుంటే బాగుండు అక్కా" అన్నాడు.

ఎందుకు పోలేదని ఎవరూ అడగకముందే రాసుకుంటున్నాను. మమ్మల్ని కన్న అవ్వ పోయిన రోజు కబురు పంపితే వాడు రాలేదు. రేపు మ్యాచ్, ఇవాళ వాన అన్నాడట. మర్నాడు వచ్చాడు. అప్పటికి అంతా అయిపోయింది. కొడుకు లేకుండా చిన్నాయన కొరివి పట్టాడు. వాడి ప్యాంటు అంచులకు ఎర్రమట్టి ఉంది.

నాకు కోపం లేదు. ఎన్నడూ లేదు. ఎవరి పని వాళ్లకు. ఆ తర్వాత పోవడానికి తీరలేదు, అంతే.

నవంబర్ 16

వచ్చే వారం తీసుకుపోతాను.

నవంబర్ 23

వాడి కాళ్లు ఉబ్బాయి. వచ్చే వారం.

నవంబర్ 28, గురువారం

పెద్ద డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. "ఆయన ఏమన్న తింటనంటే పెట్టుర్రి. యాడికన్న పోతనంటే తీస్కపోర్రి," అన్నాడు. చిన్న వయసు ఆయన. నా ముఖంలోకి చూడలేదు.

"ఇంకో సూది మందు ఉంటదా సారూ?" అని అడిగాను.

"తీస్కపోర్రి అవ్వా," అన్నాడు మళ్లీ.

తిరిగి లోపలికి వచ్చేసరికి గంగాధర్, "ఏమన్నడు?" అన్నాడు.

"మంచిగున్నవన్నడు."

"గట్లనా. మంచిగున్నోనికి ఎవలూ పక్కకు పిలిచి చెప్పరక్కా."

డిసెంబర్ 1, ఆదివారం

కార్తీకం అయిపోయింది. ఇక చెప్పుకోవడానికి సాకు లేదు.

దారి వాణ్ణే అడగొచ్చు. అడిగితే ముప్పై ఏండ్లలో ఒక్కసారీ పోలేదన్న మాట నా నోటితో నేనే చెప్పినట్టు ఉంటుంది. నర్సవ్వను అడిగాను.

"పేరెవలికి యాదికున్నది పిల్లా? పొడుగు కంబాలకు లైట్లుంటయి. బస్సు దిగి ఆటోల కూసోని కిర్కెట్ గ్రౌండ్ అను. వాడే తీస్కపోతడు. గది తెల్వనోడు ఉంటడా?"

నిజమే అనిపించింది. వచ్చే ఆదివారం పోదామని గంగాధర్‌కు చెప్పాను. తెల్ల అంగీ ఉతికి పెట్టమన్నాడు.

డిసెంబర్ 8, ఆదివారం

పోయి వచ్చాము. ఒళ్లంతా నొప్పులు. అయినా ఇవాళే రాస్తాను.

పొద్దున మొదటి బస్సు. నిన్న మిషన్ అయింది కాబట్టి వాడికి ఒళ్లు తేలికగానే ఉంది. దువ్వెన అడిగి తీసుకొని తల దువ్వుకున్నాడు. నర్సవ్వ మలుపు దాకా వచ్చి "జర పైలం" అని నీళ్ల సీసా ఇచ్చింది. బస్సులో కిటికీ వైపు కూర్చోబెట్టాను. కండ్లు లేనివాడికి కిటికీ ఎందుకని కండక్టర్ అనుకొని ఉంటాడు. గాలి తగిలినంతసేపూ ఏ ఊరు వచ్చిందో వాడే చెప్పాడు. రెండుసార్లు తప్పాడు, అంతే.

జూబ్లీ బస్టాండులో దిగి ఆటో పిలిచాను. "క్రికెట్ గ్రౌండ్" అన్నాను.

"ఉప్పల్ స్టేడియమే గదమ్మా?"

"ఆ."

గంగాధర్ ముఖం నా వైపు తిప్పాడు. ఏదో అనబోయాడు. నేను వాడి సంచి ఒళ్లో సర్దుకుంటూ, "ముప్పై ఏండ్లకు నీ గ్రౌండ్ చూడబోతున్న తమ్మీ" అన్నాను. వాడు నోరు మూసుకున్నాడు. కాసేపటికి "పోనియ్యి అన్నా," అన్నాడు ఆటో అతనితో.

దారిలో ఒక్కసారి, "హుస్సేన్ సాగర్ వాసన రాలేదేంది?" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

"నువ్వు కునికినప్పుడు దాటినం," అన్నాను. దాటామో లేదో నాకు తెలియదు.

గేటు దగ్గర కావలి ఆయన ఆపాడు. ఇవాళ మ్యాచ్ లేదు, లోపలికి పంపరు అన్నాడు. గంగాధర్ రెండు అరచేతులు ముందుకు చాపాడు.

"అన్నా, నేను మాలిని. ముప్పై ఏండ్లు గడ్డి కోసిన. గీ కాయలు జూడు."

ఆయన నిజంగానే ముట్టి చూశాడు. "యాడ జేసినవ్?" అన్నాడు.

"గ్రౌండ్లనే," అని గంగాధర్ నవ్వాడు.

పది నిమిషాలే అని చెప్పి లోపలికి తోలుకుపోయి మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఇంత జాగా ఆట కోసమా అనిపించింది. వరసలు వరసలు కుర్చీలు, అన్నీ ఖాళీ. మధ్యలో పచ్చగా, గుండ్రంగా. గుడిలో గర్భగృహం ముందు నిలబడ్డప్పుడు ఉండేంత సద్దు లేనితనం.

గంగాధర్ గొంతు మారింది. వాడ వాళ్లందరికీ ఇట్లాగే చెప్పి ఉంటాడు.

"ఇగో అక్కా, గీడ ఫౌజు దిగింది. ఏనుగులు ఆ దిక్కు. గుర్రాలు ఈ దిక్కు. ఎనిమిది నెలలు తొక్కితే గడ్డి మొలుస్తదా? మళ్ల మొలిచింది. ఎవలు తొక్కినా మొలుస్తది, గదే గరిక. నేను పన్ల జేరిన్నాడు మా జమేదారు గిదే మాట జెప్పిండు."

చేయి ఎత్తి గాలిలో చూపించాడు.

"గా దిక్కు నౌబత్ పహాడ్. పాత జమానాల బాద్‌షా హుకుం వస్తే దాని మీద నగారాలు కొట్టేటోళ్లు. ఇప్పుడు దాని మీద తెల్లరాతి గుడి ఉంది. ఎంకన్న గుడి. నేను రోజూ రోలర్ లాక్కుంట దాన్ని జూస్తుంటి. మా అక్క వస్తే ముందుగాల గదే జూపియ్యాలె అనుకుంటుంటి. కనబడుతుందా అక్కా?"

చూశాను. కుర్చీలు, కప్పు, కప్పు మీద ఆకాశం. కొండ లేదు. కొత్త కట్టడాలు అడ్డం వచ్చి ఉంటాయి అనుకున్నాను. వాడి చేయి ఇంకా గాలిలోనే ఉంది.

"కనబడుతుంది తమ్మీ. తెల్లగ మెరుస్తుంది. దండం పెట్టుకో."

కావలి ఆయన, "గీడ కొండేంది..." అనబోయాడు. "అన్నా, జర చాయ్ దొరుకుతదా?" అని గంగాధర్ మాట మధ్యలో అడ్డం వచ్చాడు. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

జీవితంలో ఎన్నడూ గుళ్లో తల వంచనివాడు ఖాళీ కుర్చీల వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. చాలాసేపు పెట్టుకున్నాడు.

తర్వాత అన్నాడు: "అవ్వ పోయిన్నాడు నేను గ్రౌండ్లనే ఉన్న అక్కా. వాన దంచుతుంది. పిచ్ మీద కవరు కప్పినం, గాలికి లేస్తుంది. కొస పట్టుకొని పన్నెండు మందిమి నిలవడ్డం. కబురొచ్చింది. కొస ఇడిస్తే నీళ్లు లోపటికి పోతయి. ఇడువలే. గప్పటిసంది గా కొస చేతులనే ఉన్నది."

నేను ఏదైనా అనాలి. ఏమనాలో నోటి దాకా వచ్చింది.

"పాత ముచ్చట ఇప్పుడెందుకు," అన్నాను.

"గంతే," అన్నాడు.

లేచేటప్పుడు గడ్డి ముట్టుకోవాలన్నాడు. కావలి ఆయన పోయి అంచున నాలుగు పోచలు తెంపుకొచ్చి చేతిలో పెట్టాడు. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. కాలువ గరికను చూసినట్టే చూశాడు. అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"నీ గ్రౌండుదేనా?" అని అడిగాను, సంతోషపెడదామని.

"గరికనే అక్కా. యాడ మొలిచినా గరికనే."

తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి పడుకున్నాడు. చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన బరువు గుర్తొచ్చింది. అవ్వ పొలానికి పోతే నేనే ఎత్తుకునేదాన్ని.

డిసెంబర్ 9

మొక్కు తీరినట్టు ఉంది. మంచి పని చేశాను.

డిసెంబర్ 16, సోమవారం

ధనుర్మాసం మొదలు. గంగాధర్ మాట సన్నబడింది. పొద్దున పొంగలి నైవేద్యం పెట్టి, అదే రెండు మెతుకులు నోట్లో పెట్టాను.

"గ్రౌండ్ మంచిగ జూసినవా అక్కా?"

"చూసిన."

"ఎట్లున్నది?"

"పెద్దగున్నది."

నవ్వొచ్చి దగ్గొచ్చింది. "ముప్పై ఏండ్లకు జూసి పెద్దగున్నదంటవా? నర్సవ్వ నయం," అన్నాడు.

డిసెంబర్ 20, శుక్రవారం

పొద్దున పదిన్నరకు. నేను గరిక కోయడానికి కాలువకు పోయి వచ్చేసరికి.

డిసెంబర్ 23

శ్రీరామ. ఇంకేమీ రాయలేను.

డిసెంబర్ 30, సోమవారం

దినాలు అయిపోయాయి. హైదరాబాద్ నుంచి తారాచంద్ వచ్చాడు. ఇరవై ఏండ్లు గంగాధర్‌తో కలిసి రోలర్ లాగినవాడు. పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా వాళ్లది. అన్నం తిని, చేయి కడుక్కొని, నా ముందు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నన్ను ఓదార్చాలనే చెప్పాడు, పాపం.

"చివరికి మంచి పని జేసినవక్కా. గా మాపటీలి నాకు ఫోన్ జేసిండు. 'తారా, మా అక్క నన్ను గ్రౌండుకు తీస్కపోయింది రా' అన్నడు. 'నాకు ముందుగాల చెప్తే గేటు కాడికి రాకపోదునా' అన్న. 'మన గ్రౌండుకు గాదు రా, ఉప్పల్‌కు' అని ఒకటే నవ్వుడు."

"ఉప్పల్‌కే పోయినం గదా?" అన్నాను.

"ఉప్పల్‌ది కొత్తది గదక్కా. మ్యాచులు ఆడికి పోయి ఇరవై ఏండ్లయితుంది. మాది పాతది. ఫతే మైదాన్. బోర్డు మీద లాల్ బహదూర్ స్టేడియం అని ఉంటది, అసెంబ్లీ దగ్గర. ఇప్పుడు పెద్ద మ్యాచుల్లేవు. సభలు, పరేడ్లు, పిల్లల ఆటలు. గడ్డి మాత్రం ఉన్నది."

నాకు తెలుసనుకున్నాడు.

"'మరి ఇది గాదని ఎందుకు జెప్పలే రా' అని తిట్టిన. 'ముప్పై ఏండ్లకు మా అక్క గ్రౌండుకొచ్చింది తారా. గిది గాదని ఎట్ల జెప్త?' అన్నడు. ఇంకో మాటన్నడు అక్కా. 'నౌబత్ పహాడ్ కనబడుతుందా అని అడిగితే కనబడుతుందన్నది. ఉప్పల్‌ల కొండను లేపింది మా అక్క. అబద్ధమాడని మనిషి, నా కోసం అబద్ధమాడింది. దండం పెట్టుకున్న' అన్నడు."

నవ్వుతూ చెప్పాడు. చెప్పి నా ముఖం చూసి ఆపేశాడు.

"నీకు... తెల్వదా అక్కా?"

డిసెంబర్ 31

తెల్ల అంగీ జేబులో నాలుగు పోచలు. ఎండి ఉన్నాయి.

జనవరి 2, గురువారం

కోపం ఉండేది.

అవ్వ పోయిన రోజు నుంచి ఉండేది. అందుకే పోలేదు. ఆ గ్రౌండ్ పేరు అందుకే అడగలేదు, వాడు పది మందికి చెబుతుంటే వినీ వినలేదు. పేరు అడిగి ఉంటే ఆటో అతనికి పేరు చెప్పేదాన్ని. రోజూ దీపం పెట్టిన చేతులతో ఇన్నేండ్లు కోపాన్ని కూడా ఆరిపోకుండా చూసుకున్నాను.

వాడు క్షమించమని అడిగాడు. వాడిది కాని జాగాలో కూర్చొని అడిగాడు, నేను అక్కడికి తీసుకుపోయాను కాబట్టి. నేనేమో పాత ముచ్చట ఎందుకన్నాను.

ఇవాళ గరిక కోయలేదు.

జనవరి 19, ఆదివారం

తారాచంద్‌కు ఫోన్ చేసి పోయాను. ఈసారి పేరు చెప్పాను. ఆటోలో హుస్సేన్ సాగర్ వాసన వచ్చింది. ముక్కుకు కొంగు పెట్టుకోలేదు.

గేటు మీద బోర్డు చదివాను. తారాచంద్ చిన్న గేటు తీయించి లోపలికి తోలుకుపోయాడు. ఒక మూలన పిల్లలు కోకో ఆడుతున్నారు. కుర్చీలు కొన్ని విరిగి ఉన్నాయి. మెట్లకు పాత సిమెంటు. ఉప్పల్ అంత అందంగా లేదు. గంగాధర్ ఇంతగా చెప్పుకున్నది దీని గురించా అనిపించింది. అప్పుడు తారాచంద్ మొదలుపెట్టాడు.

"ఇగో అక్కా, గీడ ఫౌజు దిగింది. ఏనుగులు ఆ దిక్కు. గుర్రాలు ఈ దిక్కు..."

మాట మాట అదే. ఇద్దరిలో ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో. ఎనిమిది నెలలు తొక్కితే గడ్డి మొలుస్తదా అన్న దగ్గర ఆగాడు. మిగతాది నేనే చెప్పాను. "మళ్ల మొలిచింది."

పిచ్ దగ్గరికి పోయాము. "వాన పడ్డనాడు వాడు ఏ కొస పట్టుకున్నడు?" అని అడిగాను. తారాచంద్‌కు ఏ వాన అని అడిగే పని పడలేదు. నాలుగు అడుగులు వేసి ఒక చోట నిలబడ్డాడు.

"గీడ. నా పక్కకే."

చెప్పులు విడిచాను. గడ్డి చల్లగా ఉంది. కొంగు ముడి విప్పి ఎండిన నాలుగు పోచలూ తీసి ఆ జాగాలో పెట్టాను. ఉప్పల్ గరిక. యాడ మొలిచినా గరికనే.

"ఇడిసెయ్యి తమ్మీ," అన్నాను. "ఇగ ఇడిసెయ్యి కొస. అవ్వ ఏమనుకోదు. నేనూ అనుకోను."

చేతులు జోడించి అట్లాగే నిలబడ్డాను. తారాచంద్ నా భుజం మీద మెల్లగా తట్టాడు.

"అక్కా, ఇటు గాదు. కొండ నీ ఎనకకు ఉన్నది. గుడి కనబడుతుంది, అగో."

"వచ్చేటప్పుడే చూసిన తారాచంద్," అన్నాను.

తిరగలేదు.